ఇచ్చిన పిల్ల జబ్బు ఏ ఇంటిది?

మేఘనకు జడ వేస్తున్నాను. కింద దుకాణం ముందు ధాన్యం ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగుతున్నాయి. హమాలీల కేకలు పైదాకా వినిపిస్తున్నాయి. ఆ ఉదయం నాకు ఎంతో హాయిగా ఉంది. పాడుకుంటూ, పది పనులు ఒకేసారి తలచుకుంటూ, పిల్ల జుట్టు పాయలు తీసి అల్లుతున్నాను. తలెత్తితే అద్దంలో దాని కళ్లు కనిపించాయి. తెలియని కుక్క దగ్గరికొచ్చి వాసన చూస్తుంటే పిల్లలు ఊపిరి బిగబట్టి నిలబడతారే, నా కూతురు నన్ను అట్లా చూస్తోంది.

కిందికి చూశాను. జడ వేయడం ఎప్పుడో అయిపోయింది. వేసిన జడ విప్పి మళ్లీ వేస్తున్నాను. ఎన్నోసారో నాకే తెలియదు. పాపిట పొడవునా చర్మం ఎర్రబడి ఉంది. స్కూలు ఆటో వచ్చి వెళ్లిపోయిందని తర్వాత తెలిసింది.

"నొస్తుందా బిడ్డా?" అన్నాను.

"లేదమ్మా. నువ్వెంతసేపైనా వేస్కో" అంది.

ఎనిమిదేళ్ల పిల్ల. నాకు భయపడి, నన్ను మంచి చేసుకోవడానికి అబద్ధం చెప్పింది. నాలో ఏదో తప్పిపోయిందని నాకు మొదట తెలిసింది ఆ క్షణంలోనే. కానీ అది నిలవలేదు. మళ్లీ ఆ హాయి నీళ్లలా వచ్చి కప్పేసింది. దువ్వెన అక్కడే పడేసి కిందికి, దుకాణంలోకి దిగిపోయాను.

*వానాకాలం*

అసలు మొదలయింది దానికి ముందే. చిన్నోడు మిర్యాలగూడలో, మా పుట్టింట్లో పుట్టాడు. మూడో నెల వచ్చేసరికి నేను ఊరికే ఏడవడం మొదలుపెట్టాను. అన్నం ముందు ఏడ్చేదాన్ని, స్నానాల గదిలో ఏడ్చేదాన్ని. పిల్లవాడికి పాలివ్వడం కూడా ఎవరిదో పనిలా ఉండేది. అమ్మ నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన నెమ్మదస్తుడు. అన్నీ విని, "మీ ఇంట్లో ఎవరికైనా మనసుకు సంబంధించిన జబ్బు ఉందామ్మా?" అని అడిగాడు.

"మా ఇంట్ల అసొంటివేం లేవు సార్" అంది అమ్మ. నేనూ తల ఊపాను.

అబద్ధం చెబుతున్నానని నాకు అనిపించలేదు. కోదాడ పెద్దమ్మ నిజంగానే గుర్తుకు రాలేదు. అది ఎట్లా సాధ్యమో చెప్పాలంటే మా ఇళ్లలో లెక్క ఎట్లా వేస్తారో చెప్పాలి. ఇంటిపేరు మారిన పిల్ల ఇంటి మనిషి కాదు. పెళ్లిలో గోత్రం మార్చి ఇచ్చేశాక ఆమె సుఖమూ, రోగమూ ఆమెను తెచ్చుకున్న ఇంటివే. అమ్మ వాళ్ల అక్కను కోదాడ ఇచ్చారు. పెళ్లయిన రెండేళ్లకు ఆమెకు మతి చెడింది. మా ఇంట్లో ఆ కథ ఎప్పుడు వచ్చినా ఒకటే మాట: "కోదాడోళ్లు మా అక్కను పిచ్చిదాన్ని చేసిన్రు." రాకపోకలు తెగిపోయాయి. ఆ మాట వింటూ పెరిగాను కాబట్టి, అది కోదాడ వాళ్ల పాపమే తప్ప మా ఇంటి జబ్బు అని నాకు ఎన్నడూ తట్టలేదు. నేను డిగ్రీలో బఠానీ మొక్కల పొడుగూ పొట్టీ తరం నుంచి తరానికి ఎట్లా పోతాయో గళ్లు గీసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ డాక్టరు దుఃఖానికి మందు రాశాడు. ఆయన తప్పేమీ లేదు. అడిగాడు, మేం లేదన్నాం. ఇంట్లో ఇట్లాంటి జబ్బు ఉంటే ఆ మందు ఒక్కటే ఇవ్వకూడదని, మనిషిని దుఃఖంలోంచి తీసి ఇంకో ఒడ్డుకు విసిరేయగలదని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇది చదివేవాళ్లలో ఎవరైనా ఎప్పుడైనా అట్లాంటి కుర్చీలో కూర్చోవలసి వస్తే, మీ ఇంట్లోంచి ఇచ్చేసిన ఆడపిల్లలను కూడా గుర్తు తెచ్చుకొని జవాబు చెప్పండి. ఈ రాతలో నేను చెప్పగలిగిన పనికొచ్చే మాట ఇదొక్కటే.

*కోతలప్పుడు*

ఐదో నెలలో సూర్యాపేట వచ్చాను. ఏడుపు పోయింది. అందరూ సంతోషించారు. నిద్ర కూడా పోయింది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నాకైతే అది వరంలా ఉండేది. తెల్లారక ముందే ఇల్లంతా కడిగేదాన్ని. "బాలింతవు, జర కూసోవే" అని అత్తమ్మ కసురుకునేది. అదే అత్తమ్మ మధ్యాహ్నానికి దుకాణం లెక్కలు కూడా చూడమనేది. రెండూ నిజమే.

ఆ జడ వేసిన రోజు దుకాణంలో ఏం చేశానో నాకు ముక్కలు ముక్కలుగా గుర్తుంది. మిగతాది వేరేవాళ్లు చెప్పారు. మా ఆయన శ్రీకాంత్ కాంటా దగ్గర నిలబడి తూకం వేయిస్తున్నాడు. రైతులు అరుగు మీదా, బస్తాల మీదా కూర్చొని ఉన్నారు. నేను చిన్నోణ్ణి చంకన వేసుకొని వాళ్ల మధ్యలోకి వెళ్లి, ఈ కాంటా మోసం, మా ఆయన మోసగాడు, మీ కష్టమంతా తింటున్నాడని గొంతు చించుకొని అరిచాను. నాకు దేవుడే వచ్చి చెవిలో చెప్పినంత నమ్మకంగా ఉంది.

కమీషన్ దుకాణం నడిపే ఇంటికి అంతకన్నా పెద్ద మాట లేదు. రైతులు లేచారు. ఒకాయన, "ఇంటి ఆడమనిషే చెప్తుంది, ఇంకేం కావాలె?" అన్నాడు. శ్రీకాంత్ నాతో ఒక్క మాట అనలేదు. కాంటా ఖాళీ చేయించి, రైతుల చేతనే రాళ్లు పెట్టించి, అంతకు ముందు తూచిన బస్తాలన్నీ అందరి ఎదుట మళ్లీ తూయించాడు. తూకం సరిగ్గానే ఉంది. ఆ మాట అన్న రైతే తర్వాత తలపాగా తీసి, "సేటూ, అమ్మకు పానం బాగలేనట్టుంది, దవాఖానకు తోల్కపో" అన్నాడట. ఆ మాటతో బజారంతా తెలిసింది.

ఆ గొడవలో చిన్నోడు ఎక్కడున్నాడో సాయంత్రం దాకా ఎవరికీ పట్టలేదు. మొదట గుర్తించింది అత్తమ్మ. ఇల్లంతా వెతికారు. వాడు దుకాణం వెనక నీడలో, పాలకీడు వైపు నుంచి ధాన్యం తెచ్చిన ఒకామె ఒళ్లో నిద్రపోతున్నాడు. నేనే వాణ్ణి ఆమె ఒళ్లో పెట్టి, "ఇగ నీదే" అన్నానట. ఆమె వెంట వచ్చినవాళ్లు ట్రాక్టరులో ఎప్పుడో వెళ్లిపోయారు.

"పిల్లగాడు ఇప్పుడే కన్ను మూసిండమ్మా, లేపుతే ఏడుస్తడని కూసున్న" అందట అత్తమ్మతో. "ఆమె మీద కోపం చెయ్యకుర్రి. మా ఇంట్ల గొర్లు గూడ ఈనినంక ఒక్కోటి పిల్లను గుర్తువట్టదు. నాల్గు దినాలకు అదే దగ్గర్కి తీస్తది."

ఆమె పేరు కూడా ఎవరూ అడగలేదు.

*చలికాలం*

హైదరాబాదులో పెద్దాసుపత్రి. మొదట్లో నేను లోపల ఉన్నాను, దాని గురించి రాయను. తేరుకున్నాక దగ్గర్లోనే గది తీసుకొని ఉంటూ వారం వారం వెళ్లి కూర్చున్న ఆ పొడుగు హాలే నాకు ఎక్కువ గుర్తు. అక్కడ ఎవరూ ఎవరినీ "ఏం జబ్బు?" అని అడగరు. "ఏ ఊరు?" అంటారు. ఒకసారి నా చేతులు మందు వల్ల వణికి నీళ్ల సీసా మూత రాకపోతే, పక్కన కూర్చున్న ముసలాయన తన కొడుకు సీసాతో పాటు నాదీ మూత తీసి, ఏమీ అనకుండా నా ఒళ్లో పెట్టాడు.

అమ్మా అత్తమ్మా ఒకే బెంచీ మీద, మధ్యలో టిఫిన్ సంచి పెట్టుకొని కూర్చునేవారు. ఆ సంచి మీదుగా మాటలు నడిచేవి.

"పచ్చి బాలింతతోని దుకాణం లెక్కలు రాయిస్తే ఏమయితది వదినా" అనేది అమ్మ.

"మీరు పంపినప్పుడే పిల్ల కండ్లు తేడాగ ఉన్నయి వదినా, మేం ఏం అనలే" అనేది అత్తమ్మ.

పిల్లలను కూడా అట్లాగే పంచుకున్నారు. చిన్నోడు మిర్యాలగూడలో మా అమ్మ దగ్గర. మేఘన సూర్యాపేటలో. "మీ అమ్మ యాడికి పోయిందంటే బ్యాంకు నౌకరి వచ్చి ట్రైనింగ్‌కు పోయిందని చెప్పు" అని దానికి నేర్పారు. అది టీచరుకూ, స్నేహితులకూ, చివరికి ఫోనులో నాక్కూడా అదే అప్పజెప్పింది: "ట్రైనింగ్ బాగైతుందా అమ్మా?"

ఆసుపత్రిలోనే ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఉండేది. ఇట్లాంటి జబ్బులు కుటుంబాల్లో ఎట్లా నడుస్తాయో జన్యువుల్లో వెతుకుతున్న బృందంలో పని చేస్తోంది. నన్నూ అమ్మనూ గదిలో కూర్చోబెట్టి చెప్పింది. "ఒక్క జన్యువు చెడి వచ్చేది కాదమ్మా ఇది. చిన్న చిన్న తేడాలు చాలా కలిసి మనిషిని ఒక పక్కకు మొగ్గేటట్టు చేస్తాయి. ఆ పైన నిద్ర లేకపోవడం, కాన్పు, దుఃఖం తోడవుతాయి. ఒకే ఇంట్లో జబ్బు ఉన్నవాళ్ల రక్తం, లేనివాళ్ల రక్తం పక్కపక్కన పెట్టి చూస్తాం. మీకు రిపోర్టు ఏమీ రాదు. మీ పిల్లలకు వస్తుందో రాదో ఇది చెప్పదు. ఎన్నో కుటుంబాలు ఇస్తే ఎప్పటికో ఒక సంగతి తేలుతుంది. మీరు ఇవ్వకపోయినా వైద్యం ఆగదు."

తర్వాత ఎవరూ అడగని విధంగా అడిగింది. "మీ ఇంటిపేరుతో నాకు పని లేదు. మీ ఇంట్లో పుట్టి బయటికి వెళ్లిన ఆడవాళ్లను చెప్పండి. అమ్మ అక్కచెల్లెళ్లు, అమ్మమ్మ అక్కచెల్లెళ్లు. వాళ్లలో ఎవరికైనా?"

కోదాడ పెద్దమ్మ గుర్తొచ్చింది. జబ్బు వచ్చాక మొదటిసారి నా బుర్ర నా బుర్రలా పనిచేసింది. అమ్మ వైపు చూశాను. అమ్మ డాక్టరమ్మ వైపు చూస్తూ "లేరు" అంది. బల్ల కింద నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.

నేను నోరు తెరవలేదు.

బయటికి వచ్చాక అమ్మ ఒకే మాట అంది. "నీ బిడ్డ పెద్దగయితది. మా రక్తంల ఉన్నదని నువ్వే రాసిస్తే రేపు దాన్ని ఎవరు చేసుకుంటరే? గమ్మునుండు. మీ నాయిన పెద్దమనుషులను పిలుస్తుండు. నిన్నూ పిల్లలనూ తెచ్చుకుంటం. ఇట్ల చేసింది వాళ్లేనని నలుగుట్ల తేలాలె."

అమ్మ చెబుతున్నది నాకు ఎంత అనుకూలమైన మాటో అర్థమయింది. అత్తింటి బాధ పడలేక మతి చెడిన కోడలిని అందరూ జాలిగా చూస్తారు. పుట్టుకతోనే ఆ జబ్బు తెచ్చుకున్నదాన్ని అట్లా చూడరు. నేను ఊరుకుంటే చాలు. కాకపోతే శ్రీకాంత్ ఇంకో కోదాడ పెద్దనాన్న అవుతాడు, నా పిల్లలు వాళ్ల నాన్నను తలచుకున్నప్పుడల్లా అమ్మను పాడుచేసినవాడనుకుంటూ పెరుగుతారు. చెబితే, జబ్బు దాచి పిల్లనిచ్చారని అత్తమ్మ నన్ను మెట్లు దించవచ్చు. అప్పుడూ పిల్లలు పోతారు. ఎటు చూసినా భయమే.

*మాఘమాసం*

శ్రీకాంత్‌తో, "కోదాడకు తీసుకుపో" అన్నాను. ఎందుకని అడిగాడు. అక్కడికి వెళ్లాక తెలుస్తుందన్నాను. దారిలో చెప్పే ధైర్యం లేదు.

పెద్దనాన్నకు బస్టాండు దగ్గర స్టీలు సామాన్ల కొట్టు. ఇల్లు దాని వెనకే. గుమ్మంలో మమ్మల్ని చూసి ఆయన మేమెవరో పోల్చుకోలేదు. లోపల కిందకూర్చొని చేటలో కందిపప్పు బాగుచేస్తున్న ఆవిడ మాత్రం తలెత్తి, "భారతి కూతురివి కదూ" అంది. "నడకలోనే తెలిసింది. మీ అమ్మ కూడా ఎవరో తరుముతున్నట్టే నడిచేది."

నేను ఊహించుకున్న పిచ్చిమనిషి ఎక్కడా లేదు. అరవై ఏళ్ల బొద్దుగా ఉన్న ఆవిడ, కళ్లజోడు ముక్కు మీదికి జారిపోయి ఉంది. చేతులు నా చేతుల్లాగే సన్నగా వణుకుతున్నాయి. ఆ వణుకు చూడగానే ఇద్దరం ఒకే మందు మింగుతున్నామని తెలిసిపోయింది.

ఏడుస్తూ అంతా చెప్పాను. దుకాణం, కాంటా, చిన్నోడు, డాక్టరమ్మ, మోకాలి మీద అమ్మ చెయ్యి. శ్రీకాంత్ వింటున్నాడు. ఆయనకు పెద్దమ్మ సంగతి తెలియడం అదే మొదలు.

వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడేమో, పెద్దనాన్న అన్నాడు. "మీ తాతయ్య నన్ను తన్నించడానికి లారీ నిండా మనుషుల్ని తెచ్చాడమ్మా మిర్యాలగూడ నుంచి. ఎండలో వచ్చారు పాపం. అందరికీ టీలు నేనే తెప్పించాను. తాగాక తన్నడానికి మొహమాటపడ్డారు."

శ్రీకాంత్ నవ్వాడు. నెలల తర్వాత ఆయన నవ్వు విన్నాను. నవ్వి, "మరి మీ తప్పు లేదని మీరెందుకు చెప్పలేదు?" అని అడిగాడు.

"ఎట్లా చెప్పను బాబూ? నేనేం చెయ్యలేదంటే, లోపం మీ పిల్లలోనే ఉందని అర్థం. ఆమె పక్కనే కూర్చుని ఉంటే ఆ మాట ఎట్లా అనేది? పోనీ, నన్నే అనుకోనీ అనుకున్నా."

శ్రీకాంత్ తల ఊపాడు. తన సంగతి కూడా అదేనని నాకు అప్పుడు తెలిసింది. డాక్టరు మొదట్లోనే ఆయనతో, ఇది ఎవరూ చేస్తే వచ్చేది కాదని చెప్పాడట. మా వాళ్లు ఎన్ని మాటలన్నా ఆయన ఆ సంగతి ఎవరి ముందూ ఎత్తలేదు.

పెద్దమ్మ చేట పక్కన పెట్టింది. "ఇప్పుడు డాక్టర్లు ఏమంటున్నారు? కడుపున పుట్టినవాళ్లకు వస్తుందనేనా?"

"వస్తుందని కాదు పెద్దమ్మా. మిగతావాళ్ల కన్నా కాస్త ఎక్కువగా రావచ్చని. చాలామందికి రాదట."

వాళ్లకు పిల్లలు లేరు. ఎందుకు లేరో నేను అడగలేదు. ఆవిడ చేట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. "ఆ మాట అప్పుడు ఎవరూ చెప్పలేదే" అంది. పెద్దనాన్న లేచి దుకాణంలోకి వెళ్లిపోయాడు.

వెళ్లేటప్పుడు రక్తం సంగతి అడిగాను. "తీసుకోమను" అంది పెద్దమ్మ. "ఇన్నేళ్లలో నా దగ్గర ఏదైనా ఉందని అడిగినవాళ్లు వాళ్లే."

తర్వాతి ఆదివారం మిర్యాలగూడలో, మా నాన్న ఇంటి హాల్లో పెద్దమనుషులు కూర్చున్నారు. శ్రీకాంత్‌ను అత్తమ్మ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, పిల్లను ఎట్లా చూసుకున్నావని అడిగారు. ఆయన తల వంచుకొని జవాబు చెప్పలేదు. అచ్చం లారీ మనుషుల ముందు పెద్దనాన్న కూర్చున్నట్టే అనిపించింది. నేను లోపలి గది నుంచి వచ్చి, "మా కోదాడ పెద్దమ్మకూ ఇదే జబ్బు. మొన్న చూసి వచ్చిన. ఇది నేను ఇక్కడినుంచే తీస్కపోయిన. వీళ్లు పెట్టింది కాదు" అన్నాను.

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, "మా అక్కను నడింట్లకు గుంజుకొస్తివా" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

పెద్దమనుషుల్లో ఒకాయన గడ్డం గోక్కున్నాడు. "అయితే ఇప్పుడు తప్పు ఇచ్చినోళ్లదా, తెచ్చుకున్నోళ్లదా?"

"ఎవరిదీ కాదు" అన్నాను.

"ఎవరిదీ కాకపోతే మమ్ముల ఎందుకు పిలిచిన్రయ్యా?" అని ఆయన నాన్నను కసురుకున్నాడు. ఎవరో నవ్వారు. చాయ్ వచ్చింది.

అత్తమ్మ నవ్వలేదు. ఆమె నా వైపు తిరిగి అందరూ వినేటట్టే అంది. "తెలుస్తే చేసుకునేవాళ్లమా? చేసుకోకపోతుంటిమి. నాకు మస్తు కోపమున్నది, అది ఇప్పట్ల పోదు. నా కొడుకును మీవోళ్లు ఎన్ని మాటలన్నరు! కోపం సంగతి ఇంటికాడ చూసుకుందం. పిల్లగాడు తల్లి కాడ ఉండాలె. వాని బట్టలు సదురుపో."

ఆమెకు ఇప్పటికీ కోపం ఉంది. అమ్మ నాతో సరిగ్గా మాట్లాడదు, రక్తమూ ఇవ్వలేదు. నేనూ పెద్దమ్మా, జబ్బు లేనివాళ్ల తరఫున నాన్నా ఇచ్చాం. దుకాణంలోకి దిగితే హమాలీలు ఇంకా నా ముఖం చూడకుండా తప్పుకుంటారు. రోజూ మందు మింగేటప్పుడు ఆ కాంటా, ఆ అరుపు, దుకాణం వెనక ఆ నీడలో ఎవరి ఒళ్లోనో నా పిల్లవాడు గుర్తొస్తారు. జబ్బు చేసిన పనులని డాక్టర్లు అంటారు. చేసిన నోరూ చేతులూ నావే కదా. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తుంటే కూడా రెండుసార్లు లేచి వాడు ఊపిరి తీస్తున్నాడో లేదో చూసి వచ్చాను.

*మర్నాడు పొద్దున*

మిర్యాలగూడ నుంచి వచ్చిన మర్నాడు ఇద్దరినీ పక్కన కూర్చోబెట్టుకున్నాను. చిన్నోడు నా గాజులు లాగుతున్నాడు. మేఘన పాలు తాగుతూ, "ట్రైనింగ్ ఖతమైందా అమ్మా?" అంది. అది నిజం కాదని దానికి తెలుసు. నేను ఏమంటానో చూస్తోంది.

"ట్రైనింగ్ లేదు బిడ్డా" అన్నాను. "నాకు జబ్బు చేసింది. తలలో జబ్బు. అప్పుడు నిన్ను నొప్పించిన, తమ్ముణ్ణి మర్చిపోయిన, నాయిన మీద లేనిపోనివి అరిచిన. మందు వేసుకుంటున్న. మళ్లీ వస్తే మళ్లీ దవాఖానకు పోత, మళ్లీ వస్త. నువ్వు ఎవరికీ అబద్ధం చెప్పనక్కర్లేదు. నాకు కూడా. నొస్తే నొస్తుందని చెప్పు."

అది గ్లాసు కింద పెట్టింది. "నాకు వస్తదా?"

"చాలామందికి రాదు. రావచ్చు కూడా. నిద్ర రాకుంటే, ఊకె ఏడుపొస్తే, ఊకె సంతోషమొస్తే నాకు చెప్పు. నాకది తెలుసు, నేను గుర్తుపడత."

"మనింట్ల ఇంకెవరికన్న ఉన్నదా?"

"ఉన్నది" అన్నాను. "మనింట్ల ఇద్దరికి ఉన్నది. ఒకటి నేను. ఇంకొకామె కోదాడల ఉంటది. నీకు పెద్దమ్మమ్మ అయితది. నువ్వింకా చూడలే."